ఎకనామిక్స్ మేజర్, ఆంత్రపాలజీ మైనర్: కలిపి చదవవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. విజయవాడలో బీఏ ఆనర్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎకనామిక్స్ నా మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు. వచ్చే సెమిస్టర్‌కు దానికి తోడుగా మైనర్ సబ్జెక్టు ఎంచుకోవాలి. ఆంత్రపాలజీ తీసుకోవాలని నాకు ఉంది. మా నాన్నగారు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తాగా పనిచేస్తున్నారు. "అది చదివితే అడవుల్లో తిరగాలి కదా, ఉద్యోగం ఎవరిస్తారు?" అంటున్నారు. అన్నయ్య డేటా సైన్స్ తీసుకోమంటున్నాడు. ఆంత్రపాలజీ సివిల్స్‌కు పనికొస్తుందని స్నేహితులు చెబుతున్నారు. ఎకనామిక్స్, ఆంత్రపాలజీ రెండూ కలిపి చదివితే నిజంగా ప్రయోజనం ఉంటుందా?
— ఒక విద్యార్థిని, గుంటూరు

సమాధానం: తీసుకోండి. అయితే ఒక షరతు ఉంది. మైనర్‌లో ఎన్ని పేపర్లు ఉన్నా, మీరు కనీసం కొన్ని వారాలపాటు ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, అక్కడి మనుషుల మధ్య కూర్చుని, చూసినదీ విన్నదీ ఏ రోజుకారోజు రాసుకునే పని ఒకటి అందులో ఉండాలి. కళాశాల ఆ పని పెట్టకపోతే మీ అంతట మీరే పెట్టుకోవాలి. అది లేకుండా చదివిన మానవశాస్త్రం (ఆంత్రపాలజీ) కొన్ని నిర్వచనాలుగా, కొందరు శాస్త్రవేత్తల పేర్లుగా పరీక్షలదాకా గుర్తుండి, ఆ తర్వాత మరుపున పడుతుంది. ఆ పని చేస్తే మాత్రం మీ మేజర్‌ను మీరు చదివే తీరే మారిపోతుంది.

ముందుగా నాన్నగారి సందేహం చూద్దాం, ఎందుకంటే అది ఊరికే పుట్టినది కాదు. మన ప్రాంతంలో ఈ శాస్త్రం పేరు వినగానే కొండలు, గూడేలు గుర్తుకు రావడానికి చరిత్రలోనే కారణాలు ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల గురించీ తెగల గురించీ రాసిన ఏడు సంపుటాలు 1909లో వెలువడ్డాయి. మనుషుల తలలనూ ముక్కులనూ కొలిచి జాతులను నిర్ణయించవచ్చునని నమ్మిన కాలం అది. తర్వాత 1940లలో ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ నల్లమల చెంచుల దగ్గర, గోదావరి కొండరెడ్ల దగ్గర, ఆదిలాబాద్ గోండుల దగ్గర ఉండి పరిశోధన చేశారు. కనుక అడవి మాట అబద్ధం కాదు. అయితే ఈ శాస్త్రం అక్కడే ఆగిపోలేదు. మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1950ల మొదట్లో హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేట అనే మామూలు రైతుల ఊరిని ఎంచుకుని, అక్కడి వ్యవసాయం, కులాలు, కాపురాలు, కొట్లాటలు అన్నింటినీ పరిశీలించి 1955లో పుస్తకంగా తెచ్చారు. ఈ రోజు ఈ శాస్త్రం చదివినవారు ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో, బ్యాంకుల్లో, నగరాల బస్తీల్లో పనిచేస్తున్నారు. మీకు అడవి అవసరం లేదు. మీ ఇంటికి దగ్గరలోనే, మీ నాన్నగారు రోజూ వెళ్ళే చోటనే, కావలసినంత ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

మానవశాస్త్రానికి స్థూలంగా నాలుగు శాఖలు ఉన్నాయి. మనిషి శరీరం, పరిణామం, జన్యువుల గురించి చెప్పేది ఒకటి. పాత వస్తువులనూ కట్టడాలనూ తవ్వి తీసి గతాన్ని చదివేది ఒకటి. భాషకూ సమాజానికీ ఉన్న సంబంధాన్ని చూసేది ఒకటి. కుటుంబం, బంధుత్వం, మతం, మారకం, అధికారం వంటి వాటిని పరిశీలించే సామాజిక, సాంస్కృతిక శాఖ నాలుగోది. జంతుశాస్త్రం మేజర్‌గా ఉన్నవారు మొదటి శాఖ వైపు, చరిత్ర చదివేవారు రెండో శాఖ వైపు మొగ్గడం సహజం. ఎకనామిక్స్ విద్యార్థిని అయిన మీకు నాలుగో శాఖ ముఖ్యం.

ఆ శాఖ ఎలా ఆలోచింపజేస్తుందో మన ఇళ్ళలోని బంధుత్వపు పిలుపులతోనే చెప్పవచ్చు. ఇంగ్లీషులో 'కజిన్' అనే ఒక్క మాటలో కలిసిపోయే వారందరినీ మనం రెండు గుంపులుగా విడదీస్తాం. పెద్దమ్మ, పిన్ని పిల్లలూ, పెదనాన్న, బాబాయి పిల్లలూ మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మేనమామ పిల్లలూ మేనత్త పిల్లలూ మాత్రం బావలు, వదినలు, మరదళ్ళు. పిన్ని భర్తనూ బాబాయి అంటాం, నాన్న తమ్ముడినీ బాబాయి అంటాం. వారిద్దరికీ ఒకరితో ఒకరికి రక్తసంబంధం ఏమీ లేకపోయినా మన భాష వారిని ఒకే గడిలో కూర్చోబెడుతుంది. మేనమామ కూడా మామే, పెళ్ళయ్యాక వచ్చే మామగారూ మామే. మేనరికం చేసుకున్నా చేసుకోకపోయినా, ఎవరిని చేసుకోవచ్చో ఎవరిని చేసుకోకూడదో మన పిలుపులే ముందుగా చెప్పేస్తాయన్నమాట. అమెరికాకు చెందిన లూయిస్ హెన్రీ మోర్గాన్ 1871లో ప్రచురించిన బంధుత్వ పట్టికల్లో తమిళంతో పాటు మన తెలుగు పిలుపులు కూడా ఉన్నాయి. న్యూయార్క్ ప్రాంతపు సెనెకా ఆదివాసుల బంధుత్వ పద్ధతికీ, మన దక్షిణాది పద్ధతికీ ఉన్న పోలిక చూసి ఆయన ఆశ్చర్యపోయారు. గుంటూరులో పెళ్ళి పందిట్లో ఎవరూ ఆలోచించకుండా వాడే మాటలు నూటయాభై ఏళ్ళ క్రితమే ఒక శాస్త్రానికి మూలసరుకు అయ్యాయి. మేనరికం వల్ల పొలం చీలిపోకుండా ఉంటుందా, కట్నం తగ్గుతుందా అన్నది ఎకనామిక్స్ అడిగే ప్రశ్న. తగ్గినా తగ్గకపోయినా 'మేనమామ హక్కు' అనే మాట ఇంట్లో అంత బలంగా ఎందుకు పలుకుతుంది అన్నది మానవశాస్త్రం అడిగే ప్రశ్న. ఒకదాని ప్రశ్న తెలియకుండా రెండోదానికి ఇచ్చే సమాధానం కుంటుతూనే ఉంటుంది.

మరొక ఉదాహరణ మీ మేజర్‌కు ఇంకా దగ్గరిది. పెళ్ళిళ్ళలో చదివింపులు రాసే పుస్తకం మీ ఇంట్లో కూడా బీరువాలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో చూసుకుని, వారింట పెళ్ళి జరిగినప్పుడు అంతకు తక్కువ కాకుండా, చాలాసార్లు కొంచెం ఎక్కువగా చదివిస్తారు. ఇది కానుకా, అప్పా, పొదుపా? సంతలో జరిగే కొనుగోలుకు వాడే కొలబద్దతో దీన్ని కొలిస్తే, పదేళ్ళ తర్వాత తిరిగి వచ్చే సొమ్ముకు వడ్డీ ఎందుకు అడగరో అర్థం కాదు. ఫ్రాన్స్ దేశపు మార్సెల్ మాస్ 1925లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, కానుక వెనుక ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు విధులు ఉంటాయని వివరించారు. చదివింపుల పుస్తకం తెలిసిన తెలుగువారికి ఆ వ్యాసం ఒక్క పూటలో అర్థమవుతుంది. అలాగే మన వీధుల్లో నడిచే చీటీలు. నెలనెలా పాట పెట్టి, అవసరం ఎక్కువ ఉన్నవారు తక్కువకు పాడుకుని సొమ్ము తీసుకునే ఈ ఏర్పాటు వంటివి ఆసియాలోనూ ఆఫ్రికాలోనూ అనేక రూపాల్లో ఉన్నాయని చూపుతూ క్లిఫర్డ్ గీర్ట్జ్ అనే మానవశాస్త్రవేత్త 1962లో ఒక వ్యాసం రాశారు. తర్వాత ఆర్థికశాస్త్రజ్ఞులు అదే విషయంపై సూత్రాలు కట్టారు. రెండు శాస్త్రాలూ ఒకే గడప దగ్గర ఎదురుపడే ఇటువంటి చోట్లు మీకు చాలా కనబడతాయి.

ఇక మిర్చి యార్డు. ఆసియాలోనే పెద్దదిగా చెప్పుకునే మార్కెట్ మీ ఊళ్ళో ఉంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని వచ్చాయి, తేజ రకం ధర ఎంత పలికింది, తాలు కాయలకు ఎంత ఇచ్చారు అన్నది ఏ రోజుకారోజు పత్రికల్లో వస్తుంది. ఆ అంకెలు ఎకనామిక్స్‌కు చాలు. కానీ ఒక రైతు ఏటా అదే దుకాణానికి సరుకు ఎందుకు తెస్తాడు? సాగు మొదట్లో పెట్టుబడి అక్కడే తీసుకున్నాడు కనుక అన్నది సగం జవాబు మాత్రమే. తన పేరున పొలం లేని కౌలుదారుకు బ్యాంకు అప్పు దొరకడం కష్టం కనుక అన్నది మరికొంత. ఆ దుకాణంవారు తన ఊరివారా, బంధువులా, కూతురి పెళ్ళికి సర్దిన మనిషా, ధర పడిపోయిన ఏడాది మాట మీద నిలబడ్డారా లేదా అన్నవి మిగిలిన సగం. ఈ సగం ఏ పత్రికలోనూ అచ్చు కాదు. కాటా దగ్గర, టీ బడ్డీ దగ్గర, హమాలీలు కాసేపు చేరగిలపడే చోట, కోల్డ్ స్టోరేజీల ముందు కూర్చుని తొడిమలు తీసే ఆడవారి మాటల్లో అది ఉంటుంది. ఎకనామిక్స్‌లో మీరు చదవబోయే పరపతి (అప్పుల) మార్కెట్, సరుకు మార్కెట్ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయన్న పాఠం మీ నాన్నగారికి పేర్లు తెలియకుండానే కంఠస్థం.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. విద్యార్థిగా ఉన్నప్పుడు నేను బాపట్ల తీరంలోని ఒక మత్స్యకారుల పల్లెకు అచ్చువేసిన ఫారాలతో వెళ్ళాను. 'నెలసరి ఆదాయం' అన్న గడి దగ్గర ప్రతి ఇంట్లోనూ నవ్వారు. ఏదో ఒక అంకె చెప్పినవారు కూడా నన్ను పంపించడానికే చెప్పారని తర్వాత తెలిసింది. నాలుగో రోజు ఫారాలు పక్కన పెట్టి, వల బాగుచేస్తున్న ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. అక్కడ రాబడి నెలలవారీగా రాదు, వేట వారీగా వస్తుంది; వచ్చినది పడవకు ఇంత, వలకు ఇంత, మనిషికి ఇంత అని వాటాలుగా విడిపోతుంది; వేట లేని రోజుల అప్పు ఆ వాటాలోంచే తీరుతుంది. ఫారంలో తప్పు జవాబు లేదు, తప్పు గడి ఉంది. సర్వేలో గడులు ఎవరు గీశారు, ఏమి అనుకుని గీశారు అని అడగడం ఆ రోజు నుంచి నాకు అలవాటైంది. అంకెల మీద బతకబోయే ఎకనామిక్స్ విద్యార్థికి ఈ ఒక్క అలవాటు వస్తే మైనర్ ఖర్చు గిట్టుబాటైనట్టే.

మీ అన్నయ్య మాటకు కూడా సమాధానం ఇందులోనే ఉంది. డేటా సైన్స్ చేతిలో ఉన్న డేటాతో ఏమి చేయాలో నేర్పుతుంది; ఆ డేటా ఎలా పుట్టిందో మానవశాస్త్రం చూపుతుంది. అది తెలిసిన సంస్థలు ఈ శాస్త్రజ్ఞులను చాలా కాలంగా పనిలో పెట్టుకుంటున్నాయి. 1980లలోనే లూసీ సచ్‌మన్ అనే మానవశాస్త్రవేత్త జిరాక్స్ పరిశోధన కేంద్రంలో ఉండి, తెలివైన మనుషులు సైతం ఫొటోకాపీ యంత్రం ముందు ఎందుకు తికమకపడతారో గమనించారు. మానవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి పాత్రికేయురాలైన జిలియన్ టెట్, 2008 ఆర్థిక సంక్షోభానికి ముందే బ్యాంకర్ల ప్రపంచాన్ని ఒక తెగను చూసినట్టు చూసి, వారి రుణపత్రాల వ్యాపారం గురించి హెచ్చరించినవారిలో ఒకరు. 2012 నుంచి 2019 వరకు ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడిగా ఉన్న జిమ్ యాంగ్ కిమ్ వైద్యంతో పాటు మానవశాస్త్రం చదివినవారు. ఈ పేర్లు చెప్పినంత మాత్రాన మైనర్ సర్టిఫికెట్ చూపితే ఉద్యోగం వస్తుందని కాదు, రాదు. ఎకనామిక్స్‌తో పాటు గణాంకాలు, కొంత కంప్యూటర్ పని వచ్చి, దానికి తోడు మనుషులతో మాట్లాడి రాయగలిగిన నివేదిక ఒకటి చేతిలో ఉంటే, సర్వే సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, వినియోగదారుల పరిశోధన చేసే కంపెనీల్లో మీ దరఖాస్తు వేరుగా కనబడుతుంది. డేటా సైన్స్‌ను మైనర్‌గా తీసుకోకపోయినా విడిగా నేర్చుకునే దారులు చాలా ఉన్నాయి. మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని మీ ఫీల్డ్‌వర్క్‌ను (మనుషుల మధ్యకు వెళ్ళి చేసే పరిశీలనను) దిద్దే గురువు విడిగా దొరకడం కష్టం.

అయితే ఒక్క సందర్భంలో మాత్రం నా సలహా మారుతుంది. మీరు పెద్ద సంస్థల్లో ఎంఏ ఎకనామిక్స్ చేయాలనుకుంటే, మీ మేజర్‌లో గణితం తగినంత లేకపోతే, గణితాన్నే మైనర్‌గా తీసుకోండి. అక్కడి ప్రవేశపరీక్షలు గణితంలో గట్టిగా ఉన్నవారివే. ఆ పరిస్థితిలో మానవశాస్త్రం సొంతంగా చదువుకోవచ్చు.

సివిల్స్ గురించి మీ స్నేహితులు చెప్పినది సగం నిజం. యూపీఎస్సీ మెయిన్స్‌లో ఆంత్రపాలజీ ఆప్షనల్‌గా ఉంది. రెండు పేపర్లు, ఒక్కొక్కటి 250 చొప్పున 500 మార్కులు. కానీ ఆ సిలబస్‌లో మానవ పరిణామం, శిలాజాలు, జన్యుశాస్త్రం కూడా పెద్ద భాగమే. 1982లో నర్మదా తీరాన హత్నోరా దగ్గర దొరికిన ప్రాచీన మానవ కపాలం దగ్గర నుంచి ఆదివాసుల భూ సమస్యల వరకు అన్నీ చదవాలి. సామాజిక శాఖ మాత్రమే చెప్పే మైనర్ దానికి పునాది అవుతుందే తప్ప పూర్తి సన్నద్ధత కాదు. ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్‌లో ఆప్షనల్ సబ్జెక్టే లేదు కనుక అక్కడ దీని ప్రయోజనం పరోక్షం. పరీక్ష కోసమే తీసుకునేటట్లయితే తీసుకోకండి.

ఎంచుకునే ముందు కళాశాలలో కొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. మన రాష్ట్రంలో 2023-24లో ఒకే మేజర్ విధానం వచ్చినప్పుడు మైనర్ రెండో సెమిస్టర్‌లో మొదలయ్యేలా పెట్టారు. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు తమ నిబంధనలు తాము పెట్టుకుంటాయి. నిబంధనలు మారుతూ ఉంటాయి కూడా. అందువల్ల మీ బ్యాచ్‌కు వర్తించే పత్రాన్ని అడిగి చదవండి, సీనియర్ల మాట మీద ఆధారపడకండి. అసలు బోధించేవారు మానవశాస్త్రంలో పీజీ చేసినవారేనా, లేక ఇంకెవరో ఖాళీగా ఉన్నారని అప్పగించారా? చివరి మార్కుల పత్రంలో మైనర్ పేరు విడిగా కనబడుతుందా? ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విషయాలను పరీక్షించే పేపర్) తరగతి వేళకే ఇదీ పెడతారా? మొదటి ప్రశ్నకు తృప్తికరమైన జవాబు రాకపోతే మిగిలినవి అడగనవసరం లేదు.

మైనర్ నచ్చి దానిలోనే ముందుకు పోవాలనిపిస్తే దారులు ఉన్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆంత్రపాలజీ విభాగాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో పీజీ ప్రవేశాలు సీయూఈటీ-పీజీ అనే జాతీయ ప్రవేశపరీక్ష ద్వారా జరుగుతాయి. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నో ఎంఏ ఆంత్రపాలజీని ఏ డిగ్రీ చేసినవారైనా చదవవచ్చు.

ఫీల్డ్‌వర్క్ గురించి రెండు జాగ్రత్తలు చెప్పకుండా ఉండలేను. మీరు యార్డుకు వెళితే అక్కడ మిమ్మల్ని విద్యార్థినిగా కంటే గుమాస్తాగారి అమ్మాయిగా ముందు చూస్తారు. దానివల్ల కొన్ని తలుపులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. దుకాణంవారి గురించి రైతు మీకు ఏమి చెబుతాడో, ఏమి దాస్తాడో ఆలోచించి, ఆ సంగతిని కూడా నోట్సులో రాయండి. నాన్నగారి యజమాని లెక్కలు మీ చేతికి వచ్చినా వాటిని వాడకండి. రెండోది ఇంకా పెద్దది. చీరాల, బాపట్ల మధ్యనున్న స్టూవర్టుపురం పేరు మీరు వినే ఉంటారు. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రవేసి, గత శతాబ్దపు రెండో దశాబ్దంలో అక్కడ స్థిరపరిచారు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయినా ఊరి పేరు చెప్పగానే జనం చూసే చూపు తొందరగా పోలేదు. మనుషుల గురించి కాగితాల మీద రాసే వర్ణనలు తరతరాలను ఎలా పట్టి పీడిస్తాయో చెప్పడానికి మన జిల్లాలు దాటి వెళ్ళనవసరం లేదు. అందుకే ఎవరితో మాట్లాడినా ఎందుకు అడుగుతున్నారో ముందుగా చెప్పి, ఒప్పుకుంటేనే రాయండి, పేర్లు మార్చండి, రాసినది వీలైతే వారికి చదివి వినిపించండి.

నోట్సుకు మాత్రం రెండు ప్రతులు ఉంచండి. సామాజిక మానవశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు ప్రాంతపు ఒక గ్రామం గురించి ఏళ్ళ తరబడి సిద్ధం చేసుకున్న కాగితాలు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన నిప్పుకు కాలిపోయాయి. 1976లో వచ్చిన ఆయన ప్రసిద్ధ పుస్తకం చాలావరకు జ్ఞాపకం నుంచి రాసినది. అంతటి జ్ఞాపకశక్తి మనకు ఉంటుందని అనుకోకూడదు.

యార్డులో సరుకు జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మీ సెమిస్టర్ నడిచే రోజుల్లోనే. వేసవి సెలవులు వచ్చేసరికి యార్డుకూ సెలవులు వస్తాయి. కనుక ఈ మొదటి సంవత్సరంలో ఆదివారాలకు సరిపడే చిన్న పని పెట్టుకోండి. ముందుగా మీ బంధువుల పటం గీయండి: మగవారికి త్రిభుజం, ఆడవారికి వృత్తం, పెళ్ళికి రెండు అడ్డగీతలు, మూడు తరాల దాకా, ఒక్కొక్కరి కింద వారిని మీరు పిలిచే పిలుపు. అది పూర్తయ్యాక ఒక సాయంత్రం నాన్నగారిని కూర్చోబెట్టి ఇంట్లోని చదివింపుల పుస్తకం తీయమని అడగండి. ఏ పేరు ఏ సంబంధం, ఎవరు ఏ పెళ్ళికి ఎంత చదివించారు, అది ఎప్పుడు ఎలా తిరిగి వెళ్ళింది, యార్డువారి పేర్లు అందులో ఎన్ని ఉన్నాయి అని ఆయననే చెప్పమనండి. అడవుల ప్రశ్న ఆయన మళ్ళీ అడిగితే, అది అప్పుడు చూసుకుందాం.